ఇప్పుడు ఎక్కడున్నావు

జూన్ 14, శనివారం

జపాన్ భాష మొదటి క్లాసు అయింది. సుమిమాసెన్. ఎవరినైనా పిలవాలంటే ఈ మాటే, తప్పయిందని చెప్పాలన్నా ఈ మాటే. అదెట్లా కుదురుతుందని అడిగితే హబీబా నవ్వింది. “ఒకరిని పిలిసేదంటే వాళ్ళ పని సెడగొట్టేదే గదక్కా. అందుకే ముందే తప్పయిందనేస్తారు.”

ఉమ్మే హబీబా పుత్తూరు అమ్మాయి. శ్రీసిటీలో ఒక జపాన్ కంపెనీలో పని. ఆ దేశం నుంచి వచ్చిన ఇంజనీర్ల మాటలు మనవాళ్ళకు తెలుగులో చెప్పాలి. మా ఆయన పనిచేసే కంపెనీ కాదు, వేరేది. వాళ్ళమ్మ మహబూబ్ బీ నాలాగే అంగన్‌వాడీ మనిషి, ఆయాగా చేస్తుంది, అట్లా పరిచయం. శనివారం సెంటర్ మూసేసి వడమాలపేటలో బస్సెక్కితే కాసేపట్లో వాళ్ళింట్లో ఉంటాను.

ఆయనకు ఇంకా చెప్పలేదు. జనవరి ఎనిమిదిన జపాన్‌కు వెళ్ళేటప్పుడు, “ఆర్నెల్లు కానీ గ్రేసీ, నిన్నూ రూతునూ పది దినాలకు పిలిపిస్తా” అన్నాడు. నాకూ బిడ్డకూ పాస్‌పోర్టులు వచ్చేశాయి. దసరా సెలవులున్నాయి. విమానం దిగి నేను జపాన్ భాషలో పలకరిస్తే విజయ్ కుమార్ ముఖం ఎట్లా ఉంటుందో చూడాలి.

మామకు మాత్రం చెప్పాను. శాంతయ్య మామ భుజం మీది తుండు తీసి మళ్ళీ వేసుకున్నాడు. “ఆ బాస నీకెందుకుమా? వాడు ఆడ ఉండాడు గదా, వాడే మాట్లాడుకుంటాడు” అన్నాడు. ముప్పై ఏళ్ళు ఆర్టీసీ కండక్టరుగా చేసిన మనిషి, కొత్త చోటికి పోవాలంటే భాష ఎంత అవసరమో ఆయనకు తెలియదా? నీ కొడుకుకు చెప్పొద్దు మామా అని మాట తీసుకున్నాను. రహస్యం దాచడంలో మామ గట్టివాడు.

జూన్ 17

సెంటర్లో పిల్లలు ఒకటీ రెండూ మూడూ బదులు ఇచి, ని, సన్ అంటున్నారు. సూపర్‌వైజరమ్మ వచ్చినప్పుడు అనకపోతే చాలు.

జూన్ 21, శనివారం

తోయిరె వ దోకో దెస్ క. మరుగుదొడ్డి ఎక్కడ. ఎకి వ దోకో దెస్ క. స్టేషన్ ఎక్కడ. దోకో అంటే ఎక్కడ. ఈ ఒక్క మాట ఉంటే దేశమంతా తిరగొచ్చు.

నాకు మాటలు చాలు అన్నాను గానీ, హబీబా అక్షరాలు కూడా దిద్దాలంటుంది. బోర్డులు చదవకుండా ఏ రైలెక్కుతావక్కా అంటుంది. నలభై ఆరు అక్షరాలు. ‘ను’కూ ‘మె’కూ తేడా చివర్లో చిన్న ముడి మాత్రమే.

నేను వస్తుంటే దారిలో ఆయన వాట్సాప్ ఫోన్. సాయంత్రం ఆరు. “ఇంకా ఎండ పోలేదు గ్రేసీ, బట్టలు ఆరేసినా, తీసుకోవాల” అన్నాడు. ఇంటికొచ్చాక క్లాసు నోట్సు చూస్తే, జపాన్ మనకన్నా మూడున్నర గంటలు ముందు అని రాసుకుని ఉంది. అంటే అక్కడ తొమ్మిదిన్నర. ఆ దేశంలో ఎండాకాలం సూర్యుడు అంతసేపు ఉంటాడేమో. వచ్చే వారం అడగాలి.

జూన్ 28, శనివారం

అడగడం మరిచిపోయాను.

జులై 6, ఆదివారం

సంఘంలో మామ మళ్ళీ లేచి నిలబడి, జపాన్‌లో ఉండే నా బిడ్డ కోసం ప్రార్థన చేయండి అన్నాడు. ప్రతి ఆదివారం అంటాడు. ఈ మధ్య అనేటప్పుడు గొంతు వణుకుతోంది. కొడుకును చూడక ఆరు నెలలయింది మరి.

జులై 12, శనివారం

నలభై ఆరూ వచ్చేశాయి! హబీబా చూడకుండా రాయమంటే తప్పు లేకుండా రాశాను. ముప్పై ఎనిమిదేళ్ళ వయసులో పలక పట్టిన దానికి ఇది చిన్న సంగతి కాదు.

ఇంటికొచ్చి, ఫిబ్రవరిలో ఆయన పంపిన ఫొటో తీశాను. మంచు, వెనక ఆయన ఉండే హాస్టలు, దాని మీద పెద్ద బోర్డు. ఇప్పుడు చదవగలను కదా అని కూర్చున్నాను. ఒక్క అక్షరం తెలియలేదు. అన్నీ సున్నాలూ గీతలూ. ఇంకా కష్టమైన అక్షరాలు వేలల్లో ఉంటాయని హబీబా చెప్పింది. అవే అయివుంటాయి.

జులై 30, బుధవారం

ఈరోజు శ్రీహరికోటలో రాకెట్. ఐదున్నర దాటాక రూతు నన్ను మిద్దె మీదికి లాక్కుపోయింది. పదో తరగతి పిల్లకు ఇంకా ఇది ఆటే. అదే సమయానికి ఆయన ఫోన్. రూతు ఫోన్ లాక్కుని, “నాయనా, రాకెట్ ఇప్పుడే పోతా ఉండాది, తెల్లగా గీత మాదిరి” అని చెబుతోంది. స్పీకర్ పెట్టింది.

మాకు చప్పుడు వినిపించదు. ఎప్పుడూ వినిపించదు, అంత దూరం. గీత పైకి పోయి మబ్బులో కలిసింది. అప్పుడు ఫోన్‌లోంచి వచ్చింది చప్పుడు. గుడగుడమని, కిటికీ తలుపులు అదిరినట్టు. ఎవరో ఈల వేశారు. చప్పట్లు. ఆయన ఫోన్ పెట్టేశాడు.

జపాన్‌లో భూకంపాలు ఎక్కువని రూతు పుస్తకంలో ఉంది. నాలుగుసార్లు చేశాను. తీయలేదు. ఐదోసారి తీసి, “ఉరుముమా, గట్టిగా ఉరిమింది” అన్నాడు. బతికే ఉన్నాడు. అది చాలు.

జులై 31

ఈరోజంతా వార్తలు చూశాను. నిన్న సాయంత్రం జపాన్‌లో అట్లాంటి భూకంపం ఏదీ చెప్పలేదు. ఉరుమే అన్నాడు కదా.

ఉరిమితే ఎవరూ చప్పట్లు కొట్టరు.

ఆగస్టు 2, శనివారం

మంచు ఫొటో హబీబాకు చూపించాను. చదివి చెప్పమన్నాను. ఫోన్ చేతిలోకి తీసుకుని, వేళ్ళతో పెద్దది చేసి, చాలాసేపు చూసింది.

“అక్కా, ఇది జపాన్ బోర్డు గాదు. కొరియా వాళ్ళ రాత.”

“కొరియా మనిషి పెట్టిన హాస్టలేమో.”

“అయుండొచ్చక్కా” అంది. తర్వాత టీ చల్లారిపోయేదాకా నా వైపు చూడలేదు. ఆయన ఏ కంపెనీ, ఏ డిపార్టుమెంటు అని అడిగింది. చెప్పాను. చెప్పకుండా ఉండాల్సింది.

ఆగస్టు 6, బుధవారం

ఈ వారం ఆయన పొద్దున ఫోన్ చేస్తున్నాడు. షిఫ్టు మారింది. ఎనిమిది గంటలకు నేను సెంటర్‌కు బయలుదేరుతుంటే మోగింది. నిన్నటి నుంచి ఒక వాక్యం నోట్లో తిరుగుతోంది. క్లాసులో మూడో వారం నేర్చుకున్నది. నవ్వుతూ అందామనుకున్నాను, నవ్వు రాలేదు.

“ఇమా దోకో ని ఇమాస్ క?”

ఇప్పుడు ఎక్కడున్నావు. అంతే. నాకే వచ్చిన మాట, ఏడు నెలలు ఆ దేశంలో ఉన్న మనిషికి రాదా?

అటు నుంచి, “అరిగతో” అన్నాడు.

ఎక్కడున్నావని అడిగితే థాంక్స్ అన్నాడు.

ఆగస్టు 7

ఎక్కడున్నావని అడిగితే థాంక్స్ అన్నాడు.

ఆగస్టు 9, శనివారం

ఈరోజు హబీబా పుస్తకం తెరవలేదు. మహబూబ్ బీ నా పక్కన వచ్చి కూర్చుని నా చెయ్యి పట్టుకుంది. అప్పుడే అర్థమైంది. ఏం అర్థమైందో మాత్రం తెలియలేదు. చనిపోయాడనుకున్నాను. మూడు రోజుల ముందు మాట్లాడిన మనిషి చనిపోయాడని ఎట్లా అనుకున్నానో.

“అక్కా, అన్నకేమీ గాలేదు” అంది హబీబా. “నా జతగత్తె ఒకామె ఆ కంపెనీ ఆఫీసులో ఉండాది. అడిగినా. జనవరి బ్యాచ్‌లో ఆరు మంది పొయినారంట. ఆరు పేర్లలో అన్న పేరు లేదు.”

“మరి ఎక్కడున్నాడు?”

“ఈడేనక్కా. శ్రీసిటీలోనే, అదే ప్లాంటులో. సూళ్ళూరుపేటలో రూము. అన్న యాడికీ పోలేదు.”

నేను నవ్వానని మహబూబ్ బీ తర్వాత చెప్పింది. నాకు గుర్తులేదు. ఏ బస్సెక్కి వచ్చానో గుర్తులేదు. ఇంట్లో పిండి కలిపి, ఉప్పు వేయడం మరిచి, దోసెలు పోశాను. రూతు తిన్నది. మామ తిన్నాడు. ఎవరూ ఉప్పు లేదనలేదు.

సూళ్ళూరుపేట. తెల్లారి బస్సెక్కి, సత్యవేడులో మారితే మధ్యాహ్నానికి చేరే ఊరు.

ఆగస్టు 10, ఆదివారం

మామ లేచి నిలబడ్డాడు. జపాన్‌లో ఉండే నా బిడ్డ అన్నాడు. నేను ఆమెన్ అనలేదు.

ఆగస్టు 11, సోమవారం

సెంటర్‌కు సెలవు పెట్టాను. మామతో పుత్తూరు మీటింగు అన్నాను. మా ఇంట్లో నేనూ మొదలుపెట్టాను, అబద్ధం.

సూళ్ళూరుపేటలో హబీబా చెప్పిన బస్టాపులో రెండున్నర నుంచి నిలబడ్డాను. మొదటి షిఫ్టు వాళ్ళ కంపెనీ బస్సు మూడు దాటాక వచ్చింది. నీలం చొక్కాలు ఒకటొకటిగా దిగాయి. అన్నీ ఇరవై, ఇరవై రెండేళ్ళ ముఖాలు. ఆఖర్న ఆయన. చేతిలో టిఫిన్ క్యారియర్. చిక్కిపోయాడు. మీసంలో తెలుపు వచ్చింది. మొదటి క్షణం నేను అనుకున్నది ఏమిటో ఇక్కడ రాసుకోవాలి, ఇంకెక్కడా చెప్పుకోలేను: అన్నం ఎవరు వండుతున్నారో అనుకున్నాను.

నన్ను చూసి నిలబడిపోయాడు. దిగినవాళ్ళు ఆయన్ని తప్పుకుని పోతున్నారు. ఒకడు, “ఏం విజయన్నా, సుట్టాలా?” అన్నాడు. ఆయన తల ఊపాడు. ఊపాడు! నేను ఆయనకు చుట్టాన్ని.

“నువ్వా” అన్నాడు. “రూతుకేమన్నా అయిందా?”

“లేదు.”

“నాయనకా?”

“లేదు. నీకేమయింది?”

రైలు పట్టాల వెనక వీధిలో, మిద్దె మీద ఒక గది. తలుపు తీసి పక్కకు జరిగాడు. నేను ఇంకో ఆడమనిషి ఉంటుందనుకుని వచ్చాను. దానికి సిద్ధపడి వచ్చాను. ఏ మాటలు అనాలో బస్సులో అన్నీ పేర్చుకున్నాను. గదిలో చాప, స్టవ్వు, నాలుగు గోడలకూ కాగితాలు. కాగితాల నిండా జపాన్ అక్షరాలు. ఒకే అక్షరం వంద సార్లు, ఇంకో అక్షరం వంద సార్లు. నేను దిద్దిన అక్షరాలే. నేను సంతోషంగా దిద్దుకున్న అక్షరాలే.

పేర్చుకున్న తిట్లన్నీ ఎటు పోయాయో.

“చెన్నైలో ఆఖర్న జపాన్ బాస పరీక్ష పెట్టినారు” అన్నాడు, గోడ వైపు చూస్తూ. “ఎల్లుండి విమానమనంగా. ఎనిమిది మందిమి రాసినాము. ఆరు మంది పొయినారు. ఇంకొకడు వాళ్ళింటికి పొయి చెప్పుకున్నాడు. నేను చెప్పుకోలేకపోతిని.”

“ఎందుకు?”

“దండలేసి పంపినారే గ్రేసీ. సంఘమంతా స్టేషన్‌కు వచ్చింది. నాయన ఏడ్సినాడు. మూడో దినం తిరిగొచ్చి, తప్పిపోయినా అని ఎట్ల చెప్పేది?”

“ఏడు నెలలు!”

“ఏప్రిల్‌లో మళ్ళా పరీక్ష ఉండాదన్నారు. అది పాసైపోతే నిజంగానే పోతా గదా, అప్పుడు ఇది అబద్దం గాదనుకున్నా. ఏప్రిల్‌లో రాస్తి, పోయింది. జులైలో రాస్తి, పోయింది. దినామూ రేపు చెప్తాం, రేపు చెప్తామనే అనుకుంటా.”

మంచు ఫొటో ఎక్కడిదని అడిగాను. ఫోన్‌లో మైకు నొక్కి, జపాన్ మంచు అంటే చూపించిందన్నాడు. “అది కొరియా బోర్డు” అన్నాను. “అట్లనా?” అన్నాడు, నిజంగానే తెలియనట్టు. నాలుగు గోడలా ఆ అక్షరాలు అతికించుకున్న మనిషి.

“బుధవారం నేను అడిగింది నీకు అర్థం గాలేదు గదా?”

“అర్థమైంది.”

చేతిలో సంచి కింద పెట్టాను.

“యాడుండావనే గదా అడిగితివి. నువ్వు ఆ బాస నేర్సుకున్నావని, ఎందుకు నేర్సుకున్నావో అంతా ఒకేసారి అర్థమైంది. ఏం చెప్పాలో తెలీలేదు. నోటికొచ్చిన మాట అనేసినా.”

టీ పెట్టాడు. తాగాను. అదీ ఆశ్చర్యమే, తాగాను. లేచేటప్పుడు చెప్పాను: “ఆదివారం ఇంటికి రా. సంఘంలో నువ్వే నిలబడి చెప్పాల. నీ తరఫున నేను ఒక్క మాట చెప్పను. నీ పక్కన గూడా నిలబడను.”

సరే అన్నాడు. ఆయన కళ్ళలో భయం చూశాను. అది చూసి నాకు బాగా అనిపించింది. అది కూడా రాస్తున్నాను.

ఆగస్టు 12

ఆదివారం దాకా ఆగుదామనుకున్నాను. సాయంత్రం మామ గుమ్మం దగ్గర కూర్చుని చెనక్కాయలు వలుస్తున్నాడు. అరవై ఎనిమిదేళ్ళ మనిషి, సంఘంలో అందరి ముందూ ఒక్కసారిగా వింటే ఏమవుతాడో అని భయం వేసింది. ముందే మెల్లగా చెబుదామని పక్కన కూర్చున్నాను.

“మామా, నీకొక సంగతి చెప్పాల. గుండె గట్టి చేసుకో. ఆయన జపాన్‌లో లేడు. సూళ్ళూరుపేటలో ఉండాడు.”

కాయ పగిలింది. గింజలు గిన్నెలో వేశాడు. ఇంకో కాయ తీసుకున్నాడు.

“నాకు తెల్సుమా.”

కాసేపు ఆ మాట ఏ భాషో కూడా నాకు తెలియలేదు.

“మార్చిలో నా జతగాడు మునిరామయ్య సావుకు సూళ్ళూరుపేట పోతిని గదా. బస్టాండులో ఎదురుగా వచ్చినాడు నా కొడుకు. దయ్యమనుకున్నా. నడి బస్టాండులో నా కాళ్ళు పట్టుకున్నాడు. పరీక్ష పాసైతా నాయనా, రొన్నాళ్ళు ఓర్సుకో, గ్రేసీకి చెప్పొద్దు అన్నాడు.”

“ఐదు నెలలు మామా.”

“అవునుమా.”

“నేను ఆ బస్సెక్కి పుత్తూరుకు పోతా ఉంటే, వాకిట్లో నిలబడి జాగ్రత్తమా అన్నావు. ఎందుకు నేర్సుకుంటా ఉండానో తెలిసి.”

చేతిలో కాయ పగలగొట్టాడు.

“దేవుని ముందర నిలబడి అడిగినావే, ప్రతి ఆదివారం. జపాన్‌లో ఉండే నా బిడ్డను కాపాడు తండ్రీ అని.”

“బిడ్డను కాపాడమనే అడిగినా. జపాన్ అనేది మీ కోసం అన్నా” అన్నాడు మామ. చెనక్కాయ తొక్కలన్నీ ఒళ్ళో పోసుకుని ఉన్నాడు. లేవలేకపోయాడు. నేను లేపలేదు.

ఆయన అబద్ధం ఆడాడంటే ఆయన దూరంగా ఉన్నాడు. ఈయన నా చేతి అన్నం తింటూ, నా ఎదురుగా కూర్చుని. ఏది ఎక్కువ నొప్పో తెలియడం లేదు. నిన్న ఏడవలేదు. ఈరోజు ఏడ్చాను.

ఆగస్టు 14

రూతుకు చెప్పాను. స్కూల్లో జపాన్ గురించి చార్టు వేసి, మా నాయన అక్కడున్నాడని మాట్లాడిన పిల్ల. అరుస్తుందనుకున్నాను. ఒకే ఒక్కటి అడిగింది.

“అమ్మా, ఆ పొద్దు నేను రాకెట్ చూపిస్తా ఉంటే, నాయన గూడా దాన్నే చూస్తా ఉండెనా?”

అవునన్నాను.

లోపలికి పోయి తలుపేసుకుంది.

ఆగస్టు 17, ఆదివారం

ఉదయం బస్సుకే వచ్చాడు. వీధి మొదట్లోనే చంద్రకాంతమ్మ, “జపాన్ నుంచి ఎప్పుడొస్తివబ్బా? అట్ల నల్లబడినావే!” అంది. నమస్కారం పెట్టి వచ్చేశాడు.

సాక్ష్యాల సమయంలో పాస్టరు గారు, మన సహోదరుడు దూరదేశం నుంచి క్షేమంగా వచ్చాడు, ముందుకొచ్చి నాలుగు మాటలు చెప్తాడు అన్నాడు. ఆయన పోయి నిలబడ్డాడు. నేను ఆడవాళ్ళ వైపు మూడో వరుసలో. రూతు నా పక్కన తల వంచుకుని. ఆయన నోరు తెరిచి మూశాడు. మళ్ళీ తెరిచాడు. నేను పక్కన నిలబడనన్నాను, నిలబడలేదు.

“నేను జపాన్‌కు పోలేదు” అన్నాడు. “పరీక్ష తప్పిపోయినా. మూడుసార్లు తప్పిపోయినా. సూళ్ళూరుపేటలో ఉండి మీకందరికీ అబద్దం చెప్పినా. నా పెండ్లానికి, నా బిడ్డకు చెప్పినా.”

అప్పుడు మగవాళ్ళ వైపు నుంచి మామ లేచాడు. నడిచి పోయి కొడుకు పక్కన నిలబడ్డాడు. “నాకు మార్చి నుంచి తెల్సు. తెలిసే మీతో ప్రార్థన చేయించినా. నన్ను గూడా క్షమించండి.”

ముందు వరుసలో గంగులమ్మ, ఎనభై దాటిన ముసలామె, గట్టిగానే అడిగింది. “అట్లయితే ఇన్నాళ్ళూ మేము మోకాళ్ళు నొప్పి పుట్టంగా ప్రార్థన చేసింది ఎవరికి పోయిందబ్బా?”

ఎవరో నవ్వారు. ఇంకొకరు నవ్వారు. సగం సంఘం నవ్వింది. ఆయన కూడా నవ్వబోయి ఏడ్చాడు. పాస్టరు గారు వెళ్ళి భుజం మీద చెయ్యి వేశాడు. అంత తొందరగా క్షమించేశారు! వాళ్ళకు అది ఒక ఆదివారం సంగతి. రూతు లేచి బయటికి నడిచింది. నేనూ దాని వెనక.

ఆగస్టు 23, శనివారం

క్లాసుకు పోలేదు.

ఆగస్టు 24, ఆదివారం

వచ్చాడు. రూతు పలకలేదు. అన్నం తిని సాయంత్రం బస్సుకు పోయాడు. ఇప్పుడు ఆయన ఎక్కడున్నాడో నాకు తెలుసు. అది తప్ప ఏమీ మారలేదు.

ఆగస్టు 30, శనివారం

పోయాను. మహబూబ్ బీ ఏమీ అడగకుండా సేమ్యా పెట్టింది. హబీబా, “యాడ ఆపినామో గుర్తుండాదా అక్కా?” అంది. మిచి ని మయోయిమాషిత. దారి తప్పాను. ఇంక నేను ఏ దేశం పోతానని నేర్చుకుంటున్నానో నాకే తెలియదు. నోరు మాత్రం పలుకుతోంది.

సెప్టెంబర్ 7, ఆదివారం

ఈరోజు జరిగింది వరసగా రాయాలి, లేకపోతే నేనే నమ్మను.

సంఘం నుంచి వచ్చి తిన్నాక, మామ పడుకున్నాక, ఆయన సంచిలోంచి పుస్తకం తీశాడు. కంపెనీ ఇచ్చింది, అట్టలు ఊడిపోయింది. “అక్టోబర్‌లో ఇంకొక్క పరీక్ష పెడతారంట. అదే కడా, ఆ తర్వాత లేదు. నువ్వు నేర్సుకున్నావు గదా గ్రేసీ. నాకు రొంత చెప్పియ్యి.”

కొట్టినంత పనయింది నాకు. ఎంత ధైర్యం అనిపించింది. కానీ నేర్పే పని నా చేతులకు అలవాటు. చాప వేసి ఎదురుగా కూర్చున్నాను.

ముందు నోటి మాటలు చెప్పాను. నేను ఒక్కసారి అంటే ఆయన తిరిగి అన్నాడు. సుమిమాసెన్. ఎకి వ దోకో దెస్ క. మిచి ని మయోయిమాషిత. నాకు పది రోజులు పట్టిన మాటలు, ఒక్కసారికే. నాకన్నా బాగా, హబీబా పలికినట్టే పలికాడు. మిషన్ తిరిగే చప్పుడు విని ఏ నట్టు వదులయిందో చెప్పే చెవి ఆయనది. ఇంత వచ్చిన మనిషి మూడుసార్లు ఎట్లా తప్పాడు?

పుస్తకం తెరిచి ఒక అక్షరం చూపించాను. నేర్పేటప్పుడు మొట్టమొదట చెప్పే అక్షరం. చూశాడు. చెమట పట్టింది. ఇంకోటి చూపించాను. మొదటిదాని పేరు దీనికి చెప్పాడు. గోడల మీద వేల సార్లు రాశావే అన్నాను. “చూసి గీసినా. బొమ్మ మాదిరి” అన్నాడు.

సెంటర్లో ఇట్లాంటి పిల్లలు ఒకరిద్దరు వచ్చారు నాకు. ఎందుకు చేశానో తెలియదు, మంచం మీద రూతు తెలుగు వాచకం ఉంటే తీసి, మధ్యలో తెరిచి ఆయన ముందు పెట్టాను. “ఇది చదువు.”

“కళ్ళజోడు తెచ్చుకోలేదు.”

ఆయనకు కళ్ళజోడు లేదు. ఎప్పుడూ లేదు.

తర్వాత ఆయన పుస్తకం వైపు చూస్తూనే చెప్పాడు. “నిలవవు గ్రేసీ. అచ్చరాలు ఒక చోట నిలవవు. ఒకదాని మీద ఒకటి ఎక్కుతాయి. చిన్నప్పటి నుంచీ అంతే.”

“తెలుగు గూడానా?”

“తెలుగే రాకపోతే జపాన్ యాడొస్తుంది?”

“పదో తరగతి పాసైనావే! ఐటీఐ?”

“పక్కోని చూసి రాస్తి. ఐటీఐలో చేతిపని చూసి మార్కులేసినారు. వెల్డింగ్‌లో నేనే ఫస్టు.”

“మామకు తెలుసా?”

“ఎవరికీ తెలీదు. ఇప్పుడు నీకు.”

పదహారేళ్ళు. పదహారేళ్ళలో ఆయన నాకు ఒక్క మెసేజ్ రాయలేదు, ఎప్పుడూ గొంతే పంపేవాడు. నా మీద ప్రేమ అనుకున్నాను. రూతు ప్రోగ్రెస్ కార్డు నా చేతికిచ్చి, “నువ్వు చదువు, నీ నోటితో వింటా” అనేవాడు. ముచ్చట అనుకున్నాను. సంఘంలో బైబిల్ తెరిచి పట్టుకుని వాక్యం కంఠతా చెప్పేవాడు. భక్తి అనుకున్నాను. నాలుగేళ్ళ పిల్ల పలక తిప్పి పట్టుకుంటే వాళ్ళమ్మను పిలిపించి మాట్లాడే మనిషిని నేను. నా ఇంట్లో, నా పక్కన, పదహారేళ్ళు.

ఏడు నెలల అబద్ధానికి నేను ఆయన్ని సంఘం ముందు ఒంటరిగా నిలబెట్టాను. దాని కింద ఇంత పెద్దది ఉందని ఆ రోజు కూడా ఆయన చెప్పలేదు. చెప్పలేకపోయాడు. ఆ వేదిక మీద నోరు తెరిచి మూసినప్పుడు ఏ మాట మింగాడో ఇప్పుడు తెలిసింది.

“రూతుకు చెప్పాల” అన్నాను.

“నువ్వు చెప్పు.”

“ఇద్దరం చెప్దాం. వచ్చే ఆదివారం. నేను నీ పక్కనే కూసుంటా.”

తల ఊపాడు. పుస్తకాన్ని సంచిలో పెట్టుకున్నాడు. ఐదు గంటలకు బయలుదేరితే ఎప్పుడూ లేనిది నేనూ చెప్పులు వేసుకున్నాను. మెయిన్ రోడ్డు దాకా పక్కపక్కనే నడిచాం. కోపం పోయిందా అంటే పోలేదు. ఎక్కడ పెట్టుకోవాలో మాత్రం తెలియడం లేదు.

తిరుపతి వైపు నుంచి బస్సు వచ్చింది. ఆయన వెంటనే ముందుకు పోయి మెడ చాచాడు, ఇది యాడికి పోతుందప్పా అని కండక్టర్‌ను అడగడానికి. పెళ్ళయిన కొత్తలో ఈ అలవాటు చూసి, ఎవరితోనైనా మాట కలిపే మనిషి అని మురిసిపోయాను.

చొక్కా పట్టి వెనక్కు లాగాను.

“అది నగరికి పోతుంది” అన్నాను.

నా వైపు చూశాడు. చూసి, వెనక్కు వచ్చి నా పక్కన నిలబడ్డాడు. ఎండ ఇంకా ఉంది. పది నిమిషాలకు ఇంకో బస్సు మలుపు తిరిగింది. బోర్డు కనిపించేదాకా ఆగాను.

“సత్యవేడు” అని చదివాను, ఆయనకు మాత్రమే వినిపించేట్టు. “ఇది నీదే. ఎక్కు.”